మీకు మేం చెప్పేదేముందమ్మా

చిన్నప్పుడు మా ఇంట్లో నేను ఎక్కువసార్లు విన్న వాక్యం బైబిల్లోది కాదు. "మీకు మేం చెప్పేదేముందమ్మా" అన్నది.

నాన్న పాస్టరు. ప్రకాశం జిల్లాలో, గుండ్లకమ్మకి అటూ ఇటూ ఉన్న పల్లెల్లో బాప్టిస్టు సంఘాలకి. నాకు పదిహేనేళ్ళొచ్చేసరికి మూడు ఊళ్ళు మారాం. ఊరు మారినా పాస్టరు గారి ఇల్లు ఒకలాగే ఉండేది. గుడి పక్కన రెండు గదులు, ముందు వేపచెట్టు, చెట్టుకి గంట, గడియ పెట్టని తలుపు. మా వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. నాన్న పాస్టరు కాబట్టి అమ్మ "అమ్మగారు". ఆ ఉద్యోగానికి జీతం లేదు, సెలవు లేదు, అసలు ఎవరూ నియమించలేదు కూడా. నాన్న మాట్లాడేది ఆదివారం. అమ్మ మాట్లాడేది మిగతా ఆరు రోజులూ.

అమ్మకో గుడ్డ సంచి ఉండేది. అందులో బైబిలు, కీర్తనల పుస్తకం, ఒక అమృతాంజనం డబ్బా. పిల్లాడు పది ఫెయిలైన ఇల్లు, మొగుడు తాగొచ్చి కొట్టిన ఇల్లు, గేదె చచ్చిపోయిన ఇల్లు, ఆడపిల్ల పుట్టిందని అత్త మాట్లాడ్డం మానేసిన ఇల్లు. వెళ్ళి కూర్చునేది. కాసేపు వినేది, కాసేపు చెప్పేది, ప్రార్థన చేసేది, అవసరమైతే అమృతాంజనం రాసేది. బయటికొచ్చేటప్పుడు ఆ ఇంటావిడ మొహం మారిపోయి ఉండటం నేను కళ్ళారా చూసేదాన్ని. వెనక నడుస్తూ, ఈవిడ ఏం మంత్రం వేసిందబ్బా అనుకునేదాన్ని.

దానికి బదులుగా వాళ్ళిచ్చేది తక్కువేం కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం వేరే కుండలో తీసిపెట్టే అలవాటు ఆడవాళ్ళకి. అవన్నీ నెలకోసారి గుడికొచ్చేవి, అక్కణ్ణుంచి కొన్ని మా ఇంటికొచ్చేవి. రంగురంగుల బియ్యం. దంపుడువి, రేషన్‌వి, నూకలు, అన్నీ కలిసి. మేం తిన్నది అదే. బియ్యం అటునుంచి ఇటొచ్చేవి, మాటలు ఇటునుంచి అటెళ్ళేవి. ఈ లెక్క సరిగ్గానే ఉందని అందరం అనుకున్నాం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ కడుపుతో ఉంది. ఎనిమిదో నెలలో ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడు రోజుల తర్వాత ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. తమ్ముడంట. నాన్నా, ఇద్దరు సంఘ పెద్దలూ కలిసి సాయంత్రం పూట సమాధి చేసి వచ్చారంట. నన్ను తీసుకెళ్ళలేదు.

మా సంఘాల్లో ఎవరైనా చనిపోతే కొన్ని రోజులకి ఇంటి దగ్గర ఆదరణ కూడిక పెడతారు. షామియానా, కుర్చీలు, పాటలు, ఒక ప్రసంగం, పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు, టీ. కానీ ఊపిరి తియ్యని బిడ్డకి ఆదరణ కూడిక ఉండదు. నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఆ బిడ్డ గురించి ఎవరికేం తెలుసని!

అయినా జనం వచ్చారు. రాలేదని అంటే అబద్ధమవుతుంది. బ్రెడ్డు తెచ్చారు, బత్తాయిలు తెచ్చారు. మంచం పక్కన నిలబడి, కొంగుతో కళ్ళొత్తుకుని, అదే మాట అన్నారు. "మీకు మేం చెప్పేదేముందమ్మా. మీకు తెలవని వాక్యమా?" అందులో ఎగతాళి లేదు, గౌరవమే ఉంది. ఆ గౌరవంతోనే వెళ్ళిపోయారు. ఒకావిడైతే వెళ్తూ వెళ్తూ, "అమ్మగారూ, మా పిల్ల సంబంధం గురించి ప్రార్థన చెయ్యండి" అంది. అమ్మ పడుకునే చేతులు జోడించి ప్రార్థన చేసింది. ఆ పిల్ల పేరుతో సహా.

ఆ రాత్రి అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజులు అలాగే ఉంది. నాన్న ఏదో అనబోయి ఊరుకునేవాడు. ఊరందరికీ చెప్పే మనిషికి ఇంట్లో మాట రాలేదు.

అయిదో రోజు సాయంత్రం ఒక పెద్దమ్మ వచ్చింది. పొగాకు గ్రేడింగుకి వెళ్ళే మనిషి. చదువు రాదు. ఆవిడ వస్తే ఆవిడకంటే ముందు పొగాకు వాసన వచ్చేది, అందుకే పిల్లలం చాటుగా పొగాకు పెద్దమ్మ అనేవాళ్ళం. గుడిలో ఎప్పుడూ వెనక చాప మీద, గోడకి ఆనుకుని కూర్చునేది. పని నించి ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చినట్టుంది. బత్తాయిలేం తేలేదు. దొడ్లోకెళ్ళి అంట్లు తోమింది. తర్వాత వచ్చి మంచం కాళ్ళ వైపు కూర్చుని, అమ్మ పాదం మీద చెయ్యి వేసింది.

"నాక్కూడా ఒకడు ఇట్టాగే పొయ్యాడమ్మగారూ. నెలలు నిండినాకే. పేరు గూడా పెట్టలా. అందరూ మర్చిపొమ్మన్నారు. నేను మర్చిపోలా. ఇరవయ్యేళ్ళయింది. మీరు గూడా మర్చిపోబాకండి."

అమ్మ అప్పుడు ఏడిచింది. నేను మా అమ్మ ఏడుపు వినడం అదే మొదలు. పెద్దమ్మ ఆపమనలేదు. అంతా అయ్యాక, ఆవిడ ప్రార్థన చేసింది. మా ఇంట్లో, మా అమ్మ కోసం, ఇంకెవరో ప్రార్థన చెయ్యడం కూడా అదే మొదలు. గుడిలో వినే పెద్ద పెద్ద మాటలేం లేవు అందులో. "అయ్యా, ఈమె మాకోసం నిన్ను శానా అడిగింది. ఇయ్యాల ఈమె కోసం నేనడుగుతుండా. ఈమెకి నిద్ర పట్టించు." అంతే.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర తిరిగి అంది. "ఆదివారం గుడికి రండి. ముందు కూకోబాకండి, నా పక్కన కూకోండి. పాట రాకపోతే పాడబాకండి. మేం పాడతాం."

ఆ ఆదివారం అమ్మ ముందు చాప మీద కాకుండా వెనక చాప మీద కూర్చుంది. పాడలేదు. వాళ్ళు పాడారు.

*

చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, గుడికి వెళ్ళడం దాదాపు మానేసిన రోజుల్లో, తెలుగు బైబిల్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో యోసేపు అనే ఒకాయనకి మిగతావాళ్ళు బర్నబా అని పేరు పెడతారు. ఆ పేరుకి మన పాత అనువాదంలో ఇచ్చిన అర్థం "హెచ్చరిక పుత్రుడు". ఇంగ్లీషు బైబిళ్ళలో ప్రోత్సాహం, ఓదార్పు అనే అర్థాలు కనిపిస్తాయి. మన దగ్గర హెచ్చరిక ఏమిటి? కరెంటు స్తంభాల మీద పుర్రె బొమ్మ కింద రాసే మాట కదా ఇది!

వెతికితే తెలిసింది. అక్కడున్న గ్రీకు మాట పరాక్లేసిస్. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మని ఆదరణకర్త అంటారే, ఆ మాటా ఈ కుదురులోదే. ఒకచోట ఆదరణ అయింది, ఒకచోట హెచ్చరిక అయింది. విడగొడితే వచ్చే అర్థం, పక్కకి పిలవడం. పక్కన ఉండటానికి పిలవడం.

నాకు వెంటనే పెద్దమ్మ గుర్తొచ్చింది. "నా పక్కన కూకోండి."

హెచ్చరిక కూడా అనువాదకుల పొరపాటు అనిపించలేదు తర్వాత. ఈ మాటకి తెలుగులో వేరే జీవితం ఉంది. దేవుడి ఊరేగింపులో, రాజుగారి కొలువులో ముందు నడిచేవాళ్ళు హెచ్చరిక చెప్పేవాళ్ళు. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో రాముడికి హెచ్చరిక చెప్పే కీర్తన ఒకటుంది. అది బెదిరింపు కాదు. జాగ్రత్తగా రావయ్యా, మేమిక్కడే ఉన్నాం, అని చెప్పే ముద్దు. ఆ అర్థంలో చూస్తే బర్నబాకి అంతకంటే మంచి పేరు దొరకదు. సౌలు నిన్నటిదాకా మనల్ని చంపించిన మనిషి అని యెరూషలేములో అందరూ భయపడుతుంటే, ఆయన్ని వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది బర్నబాయే. తర్వాత మళ్ళీ తార్సు దాకా వెళ్ళి వెతికి తెచ్చుకున్నదీ ఆయనే. అదే సౌలు పౌలయ్యాక, మధ్యలో వదిలేసి పోయిన మార్కు అనే కుర్రాణ్ణి ఇక వెంట రానివ్వనంటే, బర్నబా పౌలుతో గొడవపడి మరీ ఆ కుర్రాణ్ణి తీసుకుని కుప్రకి ఓడెక్కాడు. కొన్నేళ్ళకి మార్కు నాకు అవసరం, వెంటబెట్టుకుని రమ్మని పౌలే రాశాడు. బర్నబా చేసిన ప్రసంగాలు మనకి పెద్దగా మిగల్లేదు. ఆయన ఎవరి పక్కన నిలబడ్డాడో మాత్రం మిగిలింది.

మా ప్రాంతపు క్రైస్తవం కూడా అలా పక్కన నిలబడటంలోంచే వచ్చిందని నాన్న చెప్పేవాడు. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో మొదలైంది. ఏళ్ళు గడిచినా నమ్మినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. దాన్ని మూసేద్దామా అని అమెరికాలో వాళ్ళ సభలు ఒకటికి రెండుసార్లు ఆలోచించాయి. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలు కొండ మీద అయిదుగురు మోకరించారు. జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు. ఇప్పుడు ప్రేయర్ మీట్ కొండ అంటారు. అయిదుగురు చాలా తక్కువ. కానీ ఒకరికొకరు చెప్పుకోడానికి సరిపోతారు.

తర్వాత క్లౌ దొర వచ్చాడు, 1876-78 కరువు వచ్చింది. ఆకలితో చస్తున్నవాళ్ళకి పని దొరుకుతుందని ఆయన బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. పని విరామంలో ఉపదేశులు కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. బియ్యం కోసం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నాకు మాత్రం మా గుడిలో కానుకల చీటీ చదవడం గుర్తొస్తుంది. ఊళ్ళో "ఏమే", "ఒసే" అని పిలిపించుకునే మనిషి పేరు వెనక, ఆదివారం సంఘ సెక్రటరీ "గారు" తగిలించి చదివేవాడు. "ఫలానా గారు, కృతజ్ఞత కానుక, పది రూపాయలు." పొగాకు పెద్దమ్మ తన పేరు విన్నప్పుడల్లా కొంగు సర్దుకునేది. వారానికి ఒక్కసారి, ఒక్క గదిలో, నిన్ను మనిషిగా పిలుస్తారు. ప్రోత్సాహం అంటే వేదిక మీద శాలువా కప్పడం అనుకునేవాళ్ళకి ఇది అర్థం కావడం కష్టం.

*

మంచి మాత్రమే చెప్తే అన్యాయం అవుతుంది. హెచ్చరిక అనే మాట చేతికిచ్చాక దాన్ని లాఠీలా వాడినవాళ్ళనీ చూశాను. చెల్లి గాజులేసుకుంటే హెచ్చరిక, సినిమాకెళ్తే హెచ్చరిక, వేరే కులం అబ్బాయిని ఇష్టపడితే మూకుమ్మడి హెచ్చరిక. పక్కన కూర్చోనివాడికి హెచ్చరించే హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ అడగరు. ప్రార్థన అంశం అనే పేరుతో పక్కింటి గుట్టు పది ఇళ్ళకి చేరడం చూశాను. పిల్లలు పుట్టని ఆవిడ దగ్గరికొచ్చి "ఎక్కడో పాపం అడ్డంగా ఉంది, చూసుకో" అని చెప్పి టీ తాగి వెళ్ళినవాళ్ళనీ చూశాను. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద నోరెత్తకుండా కూర్చున్నారు. అప్పటిదాకా వాళ్ళంత మంచి స్నేహితులు లేరు. ఎనిమిదో రోజు వ్యాఖ్యానం మొదలెట్టారు.

హైదరాబాదులో నేను అప్పుడప్పుడూ వెళ్ళే చర్చి చాలా పెద్దది. పార్కింగుకి వాలంటీర్లు, గుమ్మంలో నవ్వే వెల్‌కమ్ టీమ్, స్క్రీన్ మీద పాటలు. మొదట్లో ప్రాణం హాయిగా ఉండేది. పాస్టరు గారి అమ్మాయిని కాను ఇక్కడ. నా డ్రెస్సు గురించి ఎవరికీ పట్టదు. ఏ వరసలోనైనా కూర్చోవచ్చు, ఆఖరి పాట అవకముందే వెళ్ళిపోవచ్చు. ఎవరికీ తెలియకపోవడం కూడా ఒక విశ్రాంతే, పల్లెలో పుట్టిన ఆడపిల్లలకి ముఖ్యంగా.

పోయినేడాది ముందటేడు మా కంపెనీ మనుషుల్ని తీసేసింది. అందులో నేనున్నాను. అప్పుడు మా అపార్ట్‌మెంట్ల వైపు చర్చి వాళ్ళ సెల్ గ్రూపుకి వెళ్తున్నాను, శుక్రవారం సాయంత్రాలు. పదిమంది, సమోసాలు, గిటారు, వాట్సాప్ గ్రూపు. నాలుగు నెలలు వాళ్ళకి నా ఉద్యోగం పోయిందని చెప్పలేదు. ప్రతి శుక్రవారం సాక్ష్యాలు చెప్పేవాళ్ళు. వీసా వచ్చింది, స్తోత్రం. లోన్ శాంక్షన్ అయింది, స్తోత్రం. రిపోర్టు నార్మల్, స్తోత్రం. నేను చప్పట్లు కొట్టి సమోసా తిని వచ్చేదాన్ని.

అప్పుడు అర్థమైంది. మన సాక్ష్యాలన్నీ భూతకాలంలో ఉంటాయి. కష్టం గట్టెక్కాకే మైకు చేతికిస్తారు. మధ్యలో మునిగున్నవాడు లేచి "ఇంకా ఏమీ అవలేదు, అద్దె కట్టాలి, భయంగా ఉంది" అనడానికి మన ఆరాధనలో జాగా లేదు. మరి కష్టం తీరాక తెలిస్తే పక్కన కూర్చునేదెప్పుడు? హెబ్రీ పత్రిక రాసిన మనిషి, సమాజంగా కూడటం మానొద్దని చెప్పింది హాజరు పట్టీ కోసం కాదనుకుంటాను. అప్పటికే కొంతమంది మానేశారు. ఎందుకు మానేశారో ఆయనకి తెలిసే ఉంటుంది. కూడినచోట తమ మాటకి చోటు లేకపోతే మనిషి ఎందుకొస్తాడు?

అయిదో నెలలో ఒక శుక్రవారం, ఎవరిదో వీసా సాక్ష్యం అయ్యాక, చెప్పేశాను. గిటారు ఆగింది. కాసేపు ఎవరికీ ఏమనాలో తెలీలేదు. తర్వాత ఎప్పుడూ మాట్లాడని ఒకబ్బాయి, "నాకు కూడా పోయిందక్కా. ఏడు నెలలైంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. పొద్దున్నే బ్యాగు వేసుకుని లైబ్రరీకి పోతున్నా" అన్నాడు. ఆ రోజు సమోసాలు చల్లారిపోయాయి. మర్నాటినుంచి అతనూ నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉద్యోగాలకి అప్లై చేశాం. ఒకరి రెజ్యూమే ఒకరు దిద్దుకున్నాం. అంతకుమించి ఆధ్యాత్మికంగా ఏం జరగలేదు. నాకు తెలిసి జరగాల్సింది కూడా అంతే.

*

నాన్న రిటైరై ఆరేళ్ళయింది. ఇప్పుడు ఒంగోల్లో అద్దింట్లో ఉంటున్నారు. గుడి పక్కన రెండు గదులు లేవు, గంట లేదు, "అమ్మగారూ" అని తలుపు తోసుకొచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అమ్మ రోజూ పొద్దున్నే నాకు వాట్సాప్‌లో ఒక వాక్యం పంపిస్తుంది, గులాబీ పువ్వు బొమ్మ మీద. నేను చాలాకాలం ఆ చాట్ మ్యూట్‌లో పెట్టాను. ఉద్యోగం పోయిన సంగతి అమ్మకి చెప్పింది కూడా కొత్త ఉద్యోగం వచ్చాకే. సాక్ష్యం లాగా.

మొన్న దీపావళి ముందు అమ్మ ఫోన్ చేసింది. వంట గురించి, బీపీ మాత్రల గురించి మాట్లాడాక, కాస్త ఆగి అంది.

"మీ నాన్నగారు రాత్రి ప్రార్థనలో అందర్నీ తల్చుకున్నారు. మనం మొదటున్న ఊళ్ళో ఇళ్ళు కూడా వరసగా చెప్పారు. నీ పేరు చెప్పారు. నా పేరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. గుర్తు రాలేదు."

కొన్నాళ్ళుగా మర్చిపోతున్నాడని తెలుసు. తాళంచెవులు, తారీఖులు. పేరు దాకా వచ్చిందని తెలీదు.

నా నోట్లోకి మొదటగా ఏం వచ్చిందో చెప్తే నాకే సిగ్గు. "నీకు నేను చెప్పేదేముందమ్మా." నిజంగా పెదవుల దాకా వచ్చింది. అమ్మకి తెలియని వాక్యమా! ఎంతమంది మతిమరుపు మొగుళ్ళ భార్యల పక్కన కూర్చుని ఉంటుంది. తన మాటలు తనే తీసి రాసుకుంటుందిలే, అమృతాంజనంలా. ఊళ్ళో వాళ్ళు చేసిందే, ముప్ఫై ఏళ్ళుగా నేనూ చేస్తూ వచ్చాను. వాళ్ళు గౌరవంతో చేశారు, నేను బద్ధకంతో చేశాను. అంతే తేడా.

ఫోన్లో అమ్మ ఊపిరి వినపడుతోంది.

"అమ్మా, లైన్లో ఉండు. ప్రార్థన చేస్తాను" అన్నాను.

నేను గట్టిగా ప్రార్థన చేసి పదేళ్ళు దాటుంటుంది. బాల్కనీలో నిలబడి ఉన్నాను, కింద ఎవరో కారు హారన్ కొడుతున్నారు. నా నమ్మకం ఇప్పుడు ఎంతుందో కొలిచి చెప్పలేను. మాటలు తడబడ్డాయి. గుడి భాష రాలేదు. "అమ్మ ఇన్నాళ్ళూ అందరి కోసం అడిగింది. ఇవాళ అమ్మ కోసం నేను అడుగుతున్నా" అన్నాక గానీ తెలీలేదు, ఆ మాటలు ఎవరివో. ఆఖర్న అమ్మ పేరు చెప్పాను. నాన్న మర్చిపోయిన పేరు, ఊరంతా అమ్మగారు అని పిలిచి ఎవరూ వాడని పేరు. రెండుసార్లు చెప్పాను.

అమ్మ ఆమెన్ అంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ముక్కు చీదుకుని, ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగని మనిషి, అడిగింది.

"రేపు కూడా చేస్తావా?"